రాని మూడో విజిల్

భయం ఉండేది కళ్ళలో కాదు, చెవుల్లో అని నాకు ఎనిమిదో ఏటే తెలిసింది. మా ఊరి రేకుల హాల్లో దయ్యం సినిమా చూస్తూ గట్టిగా కళ్ళు మూసుకున్నాను. దయ్యం పోలేదు సరికదా, ఇంకా దగ్గరికొచ్చి కూర్చుంది. పక్కనున్న మా అత్త కొడుకు, నాకన్నా మూడేళ్ళు పెద్ద, నా చేతులు కళ్ళ మీంచి తీసి చెవుల మీద పెట్టాడు. అంతే. తెర మీద ముఖానికి పిండి రాసుకున్న ఒకావిడ నోరు తెరుచుకుని నిలబడి ఉంది. పాపం, పంటి నొప్పేమో అనిపించింది. ఆ రోజు నుంచి నేను సినిమా శబ్దాల విషయంలో పండితుణ్ణి. డిగ్రీ ఎవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

ఆ పాండిత్యాన్ని జాగ్రత్తగా మూట కట్టుకుని ఐర్లండుకు తెచ్చుకున్నాను. నేవన్‌లో, అన్నీ ఒకేలా ఉండి మన ఇల్లు ఏదో మనమే వెతుక్కోవాల్సిన ఎస్టేటులో, సోఫా చుట్టూ ఐదు స్పీకర్లూ ఒక ఊఫరూ పెట్టించాను. వారమంతా డబ్లిన్ ఆఫీసుకి పోయొచ్చే బస్సులో నిద్రపోవడం, శనివారం థ్రిల్లర్ పెట్టుకుని ఇంటిల్లిపాదికీ పాఠం చెప్పడం, ఇదీ నా జీవితం. "ఇదిగో, వయొలిన్ సన్నగా మొదలైంది, ఇప్పుడు తలుపు తీస్తుంది చూడు. ఇదిగో, మ్యూజిక్ ఆగింది, అంటే వెనకాల ఎవడో ఉన్నాడు. కంగారు పడకు, మొదట పిల్లి దూకుతుంది. అసలువాడు ఆ తర్వాత వస్తాడు."

"సినిమా చూడనిస్తారా, పోయి పడుకోమంటారా?" అనేది మా ఆవిడ. మా అమ్మాయి మాత్రం ఏమీ అనేది కాదు. ఫోను చూసుకుంటూ ఓ మూల కూర్చునేది. అదంతా వింటోందని నాకు తెలీదు.

మా అమ్మాయికి పదహారేళ్ళు. నాలుగేళ్ళప్పుడు ఇక్కడికొచ్చింది. తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో, అదీ మీత్ జిల్లా యాసలో జవాబిస్తుంది. పదమూడు దాటాక ఆ జవాబు కూడా ఒక్క మాటకి కుదించుకుపోయింది. స్కూలెలా ఉంది? గ్రాండ్. పరీక్షెలా రాశావ్? గ్రాండ్. ఒళ్ళు కాలిపోతోందేమిటే? అయామ్ గ్రాండ్, డాడ్. బాగుందనడానికీ, బాగాలేదనడానికీ, నీకెందుకు అనడానికీ కూడా ఈ దేశంలో ఆ ఒక్క మాటే సరిపోతుంది. పొదుపరులు.

ఇక్కడ హైస్కూల్లో నాలుగో ఏడాదిని ట్రాన్సిషన్ ఇయర్ అంటారు. పెద్ద పరీక్షలుండవు. కేకులు చెయ్యడం, నాటకాలు వెయ్యడం, కొండలెక్కడం, ముసలివాళ్ళకి ఫోను వాడటం నేర్పడం. అదే వయసులో మనవైపు పిల్లల్ని కాలేజీ హాస్టల్లో పడేసి గేటుకి తాళం వేస్తాం. వీళ్ళేమో ఉన్న తాళాలు తీసి ఆడుకోండర్రా అంటారు. అలాంటి ఏడాదిలో ఒక శనివారం తనంతట తానే నా దగ్గరికొచ్చింది. ఆరు నిమిషాల థ్రిల్లర్ తీస్తోందట. స్కూలు హాల్లో తల్లిదండ్రులందరికీ చూపిస్తారట. ఒక స్నేహితురాలు కెమెరా పట్టుకుంటుంది, ఇంకొకమ్మాయి నటిస్తుంది, సౌండుకి మాత్రం ఎవరూ లేరు. నేను చేస్తానా అని అడిగింది.

మూడేళ్ళలో వైఫై పాస్‌వర్డు కాకుండా తను నన్నడిగింది అదొక్కటే. నేను సినిమా మీద మోజుతో ఒప్పుకున్నానని ఎవరైనా అనుకుంటే వాళ్ళు పిల్లల్ని పెంచలేదన్నమాట. ఆరు వారాలపాటు తను నాతో ఒకే గదిలో ఉంటుంది. ఒకే పని మీద నాతో మాట్లాడుతుంది. ఇది సరిగ్గా చేస్తే ఇంకోటి అడుగుతుంది. చెడగొట్టానా, ఇల్లు విడిచి కాలేజీకి వెళ్ళేదాకా నాకు దక్కేది గ్రాండే. ఈ లెక్క నాకు మొదటి రోజే తెలుసు. తెలిసీ ఏం చేశానో అదే చెప్పబోతున్నాను.

కథ వంటింట్లో నిలబడి చెప్పింది. ఒకమ్మాయి ఇంట్లో ఉంటుంది. స్టవ్వు మీద కుక్కరు. తల్లి బయటికి వెళ్తూ గుమ్మంలోంచి అరిచి చెప్తుంది, మూడు విజిల్స్ రాగానే ఆపెయ్యమని. అమ్మాయి మేడ మీద చదువుకుంటూ ఉంటుంది. ఒక విజిల్ వస్తుంది. రెండోది వస్తుంది. మూడోదానికి ఆవిరి బుసకొడుతూ లేస్తుంది, లేస్తుంది, ఆగిపోతుంది. మూడో విజిల్ రాదు. స్టవ్వు ఎవరో ఆపేశారు. ఇంట్లో చూస్తే ఎవరూ కనిపించరు.

నాకు వీపు జల్లుమంది. పుట్టినప్పట్నుంచీ కుక్కరు వింటున్నాను, అందులో అంత సినిమా ఉందని ఏనాడూ తట్టలేదు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా. కానీ తండ్రిని కదా, ఎదురుగా మెచ్చుకుంటే పిల్లలు చెడిపోతారని మన నమ్మకం. "బానే ఉంది. మరి ఆగిపోయాక ఏం మ్యూజిక్ పెడతావ్?" అన్నాను.

"నథింగ్."

"నథింగ్ అంటే?"

"ఫార్టీ సెకండ్స్ ఆఫ్ నథింగ్, డాడ్."

అమ్మాయి మెట్లు దిగి, నడవా దాటి, వంటింటి తలుపు తీసి స్టవ్వు దాకా నడిచే నలభై సెకన్లలో మ్యూజిక్ కాదు కదా, చీమ చిటుక్కుమనే చప్పుడు కూడా ఉండదట. "నలభై సెకన్లు చప్పుడు లేకపోతే జనం కరెంటు పోయిందనుకుంటారే తల్లీ. భయపడాలని వాళ్ళకెవరు చెప్తారు?" అన్నాను.

"దే విల్ కౌంట్."

"మనవాళ్ళంటే లెక్కపెడతారు. ఐరిష్ వాళ్ళిళ్ళల్లో కుక్కరే ఉండదు, వాళ్ళేం లెక్కపెడతారు?"

అప్పుడు తను ఫోను పక్కన పెట్టి, ఇంగ్లీషులోనే, చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. తల్లి మూడు అన్నప్పుడు తెర కింద ఇంగ్లీషులో పడుతుంది. ఒకటి విన్నాక, రెండు విన్నాక, కుక్కరంటే ఏమిటో తెలియనివాడికి కూడా మూడోది కావాలనిపిస్తుంది. వాళ్ళకి కావాల్సింది ఇవ్వకుండా ఆపితే చాలు, భయం వాళ్ళే తెచ్చుకుంటారు. మన శనివారం పాఠాలన్నీ విని, నేను చెప్పినదానికి సరిగ్గా తలకిందులుగా నేర్చుకుందన్నమాట.

రికార్డింగు మొదలుపెట్టాం. శబ్దాన్ని పట్టుకోవాలంటే ముందు ఇంట్లో శబ్దాలన్నిటినీ చంపాలని అప్పుడు తెలిసింది. బాయిలరు ఆపాం. గోడ గడియారం తీసి దిండు కింద పెట్టాం. ఫ్రిజ్ ఆపాం. అన్నీ మళ్ళీ పెట్టాం గానీ ఫ్రిజ్ మర్చిపోయాం. పొద్దున్నకి దోసెల పిండి గిన్నె దాటి, అర దాటి, తలుపు సందులోంచి నేల మీదకి వచ్చింది. మా ఆవిడ దాన్ని చూసి, "మీ థ్రిల్లర్ ఇక్కడుంది, వచ్చి తుడవండి" అని గుడ్డ నా చేతిలో పెట్టింది.

వట్టి నీళ్ళు పోసి పెడితే విజిల్ తేలిగ్గా వస్తోందని, పప్పు ఉంటేనే బరువుగా పలుకుతోందని మా అమ్మాయి పట్టుబట్టింది. ఎనిమిది సార్లు కందిపప్పు వండాం. వారం రోజులు ముద్దపప్పు, పప్పుచారు, పాలకూర పప్పు, మళ్ళీ ముద్దపప్పు. సినిమాలో తల్లి గొంతు మా ఆవిడదే. ఒక్కసారే చెప్పింది, "మూడు విజిల్స్ రాగానే కట్టెయ్, సరేనా?" అని. ఇంకోసారి చెప్పమంటే, "ఇరవయ్యేళ్ళుగా ఇదే చెప్తున్నాను, రిహార్సలెందుకు?" అని వెళ్ళిపోయింది.

ఇంట్లోకి చొరబడ్డ మనిషి అడుగులు మాత్రం నావి. రబ్బరు చెప్పులతో నడిచాను, బూట్లతో నడిచాను. నువ్వు క్షమాపణ చెప్పడానికి వెళ్తున్నట్టు నడుస్తున్నావంది మా అమ్మాయి. చివరికి ఉత్త కాళ్ళతో నడిస్తే పనికొచ్చింది. ఆ మనిషి ఊపిరి కూడా నాదే. వేణ్ణీళ్ళ ట్యాంకు పక్కన తువ్వాళ్ళు దాచుకునే అలమర ఒకటి ఇక్కడ ప్రతి ఇంట్లో ఉంటుంది, హాట్ ప్రెస్ అంటారు. బట్టల మధ్య గొంతు ప్రతిధ్వనించదని నన్నందులో కూర్చోబెట్టి తలుపేసింది. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, తువ్వాళ్ళ మధ్య చెమటలు కక్కుతూ పావుగంట బుసలు కొట్టాను. బయటినుంచి తను నవ్వడం వినిపించింది. మూడేళ్ళ తర్వాత విన్న నవ్వు. ఇంకో పావుగంట ఉండమన్నా ఉండేవాణ్ణి.

అంతా అయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం సినిమా నా లాప్‌టాప్‌లోకి ఎక్కించింది, తనది నెమ్మదని. ఫైలు తయారయ్యాక పెన్‌డ్రైవ్‌లో వేసి సోమవారం స్కూలు ఆఫీసులో ఇచ్చెయ్యమంది. స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్తూ గుమ్మంలో ఆగి, "డోంట్ టచ్ ఎనీథింగ్" అంది. ముట్టుకోనమ్మా అన్నాను.

వింటూ కూర్చున్నాను. మొదటిసారి నలభై సెకన్లు నలభై సెకన్లలానే ఉన్నాయి. రెండోసారి కొంచెం సాగాయి. ఆరోసారికి అందులో నేవన్ నుంచి డబ్లిన్ వెళ్ళి రావచ్చనిపించింది. రెండో విజిల్ తర్వాత ఏమవుతుందో తెలిసిపోయినవాడికి నిశ్శబ్దం ఉత్త ఖాళీలానే ఉంటుందని నాకు తోచలేదు. అంతకన్నా పెద్ద గుబులు ఇంకోటుంది, దాచుకోను. నేను అప్పటికే ఇక్కడి మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో డప్పు కొట్టేశాను. తొమ్మిది కుటుంబాలు వస్తున్నాయి. "సౌండ్ ఇంజినీరు నేనే" అని నవ్వు బొమ్మలతో సహా పెట్టాను. వాళ్ళంతా వచ్చి చూస్తే ముఖ్యమైన చోట సౌండే లేదు. ఏం బాసూ, ఆ టైములో టీకెళ్ళావా అని అడగరూ?

చిటికెడు ఇంగువ వేస్తే పులుసేమీ మారిపోదు కదా అనుకున్నాను. ఇంటర్నెట్‌లో ఊరికే దొరికే శబ్దాల్లోంచి ఒకటి దింపాను. డప్పూ, ఇత్తడి పళ్ళెమూ కలిసి కింద పడ్డట్టు, వెనకాల పది వయొలిన్లు ఒక్కసారి కెవ్వుమన్నట్టు. ఇరవయ్యెనిమిదో సెకను దగ్గర, అమ్మాయి వంటింటి తలుపు మీద చెయ్యి వేసే చోట, అతికించాను. విన్నాను. అబ్బో అనుకున్నాను. పెన్‌డ్రైవ్‌లో వేశాను.

సోమవారం ఇచ్చేశాను. ప్రదర్శన గురువారం సాయంత్రం. మధ్యలో మూడు రోజులున్నాయి. ఆ మూడు రోజులూ మా అమ్మాయి పూర్తి వాక్యాలు మాట్లాడింది. అన్నం తింటూ, పక్కింటి కుక్క అరుపులో భయపెట్టే అరుపేదో, ఉత్త అరుపేదో చెప్పింది. బస్సు తలుపు మూసుకునే చప్పుడు రికార్డు చేసుకొచ్చి నాకు వినిపించింది. బుధవారం ప్లేటు సింకులో పెడుతూ, "థాంక్స్ ఫర్ ద సౌండ్, డాడ్" అంది. చెప్పేద్దామని నోరు తెరిచాను. వేడి నీళ్ళు వస్తున్నాయా అని అడిగాను. వస్తున్నాయంది.

గురువారం హాలు నిండింది. వెనక టీ, బిస్కట్లు. మన తొమ్మిది కుటుంబాలూ రెండు వరసలు ఆక్రమించాయి. విజిల్స్ వెయ్యొద్దు, కాగితాలు ఎగరెయ్యొద్దు, ఇది స్కూలు అని ముందే చెప్పుకున్నాను. నా వెనక సీట్లో మా డాక్టరు మిత్రుడి అత్తగారు, విజిట్ వీసా మీద కరీంనగర్ నుంచి వచ్చినావిడ, శాలువా కప్పుకుని కూర్చుంది. మిగతా పిల్లల సినిమాలు నడిచాయి. కెచప్ రక్తాలు, ఉరుములు, ఒక దాన్లో గుడ్లగూబ. ప్రతి ఐదు సెకన్లకీ ఒక ఢాం. జనం బిస్కట్లు నములుతూ చూశారు.

మాది చివరిది. మా ఆవిడ గొంతు హాలంతా వినిపించింది. మూడు విజిల్స్ రాగానే కట్టెయ్, సరేనా? కింద ఇంగ్లీషు పడింది. మొదటి విజిల్ వచ్చింది. మన రెండు వరసల్లో వేళ్ళు మడుచుకోవడం చీకట్లో కూడా కనిపించింది. ఎవరూ కావాలని చెయ్యలేదు, అలవాటు అలాంటిది. రెండో విజిల్. ముందు వరసలో ఒక ఐరిష్ పెద్దాయన రెండు వేళ్ళెత్తి భార్యకి చూపించాడు. ఆవిరి లేచింది, లేచింది, ఆగిపోయింది.

బిస్కట్లు నమలడం ఆగిపోయింది. అంతమంది ఉన్న హాల్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. అందులోంచి నా వెనక పెద్దావిడ, తనలో తను అనుకుంటున్నట్టు, "అయ్యో, ఎవడో బంద్ చేసిండు" అంది. ముందాయన వెనక్కి తిరిగాడు. ఏమంది అని కళ్ళతోనే అడిగాడు. డాక్టరు గుసగుసగా ఇంగ్లీషులో చెప్పాడు. ఆయన భార్యకి చెప్పాడు, ఆవిడ పక్కావిడకి చెప్పింది. ఆ మాట వరస వెంట పాకుతూ వెళ్ళింది, అది వెళ్ళిన చోటల్లా భుజాలు బిగుసుకున్నాయి. ఒక తల్లి చేతిని కూతురు పట్టుకుంది. పిల్ల చెప్పింది నిజం. భయం వాళ్ళే తెచ్చుకున్నారు.

అప్పటికి పద్దెనిమిది సెకన్లయింది. హాలంతా మూడో విజిల్ కోసం చూస్తుంటే నేనొక్కణ్ణే ఇంకో దాని కోసం చూస్తున్నాను. ఇరవై. నా గుండె నా చెవుల్లో కొట్టుకుంటోంది. సినిమా ఆడిస్తున్న లాప్‌టాప్ వేదిక పక్కన మా అమ్మాయి దగ్గరుంది, నేను వరస మధ్యలో ఇరుక్కుని ఉన్నాను. లేచి అరుద్దామా, దగ్గుదామా, ఫిట్సొచ్చినట్టు పడిపోదామా అనుకున్నాను. ఇరవై నాలుగు. మా అమ్మాయి తెరని చూడటం లేదు, జనాన్ని చూస్తోంది. ఆ ముఖం వెలిగిపోతోంది. ఇరవై ఏడు.

ఢాం.

హాలు మొత్తం సీట్లలోంచి ఒక అంగుళం లేచింది. ఎవరిదో టీ కప్పు పడింది. ఒక చంటిబిడ్డ ఏడ్చాడు. ఆ మరుక్షణమే నవ్వులు. ఒకరు మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు. అంత బిగబట్టిన ఊపిరి ఎటో ఒకవైపు పోవాలి కదా, నవ్వులోకి పోయింది. తర్వాత స్టవ్వు మీద ఆ అమ్మాయి చెయ్యి కనిపించింది, నా అడుగులు వినిపించాలి, నా ఊపిరి వినిపించాలి, ఆ నవ్వుల్లో ఏదీ వినిపించలేదు. దీపాలు వెలిగాయి. మిగతా అన్నిటికన్నా ఎక్కువ చప్పట్లు మా సినిమాకే.

ముందాయన నా చెయ్యి ఊపుతూ, "ఫెయిర్ ప్లే" అని శభాష్ చెప్పి, "గుండాగిపోయిందనుకో" అన్న అర్థంలో ఏదో అన్నాడు. మనవాళ్ళు భుజం తట్టారు. "సౌండ్ అదిరింది బాస్. మామూలుగా లేదు." ఏ మాట కోసం చేశానో ఆ మాట అచ్చంగా, అక్షరం పొల్లు పోకుండా వచ్చింది. తల కొట్టేసినట్టయింది.

మా అమ్మాయి వేదిక పక్కనే నిలబడి ఉంది. లాప్‌టాప్ వంక చూసింది, తర్వాత నావంక చూసింది. టీచరు ఏదో అడిగితే గ్రాండ్ అంది.

ఇంటికొచ్చాక తను బూట్లు విప్పి, మెట్ల మీద ఒక మెట్టెక్కి ఆగింది. వెనక్కి తిరక్కుండా, నాన్నా అని పిలిచింది. డాడ్ అనలేదు.

"అందరూ ఆగారు నాన్నా. నువ్వొక్కడివే ఆగలేకపోయావు."

అంత తెలుగు తను మాట్లాడి ఎన్నేళ్ళయిందో. యాస కాస్త వంకరగా ఉంది, మాట మాత్రం సూటిగానే తగిలింది. తప్పయిపోయిందమ్మా అన్నాను. మెట్లెక్కి వెళ్ళిపోయింది. పదమూడు మెట్లు, తలుపు, గొళ్ళెం. ప్రతి చప్పుడూ విడివిడిగా విన్నాను.

నెల తర్వాత ఆ సినిమాని అత్లోన్‌లో విద్యార్థుల సినిమాల రోజుకి పంపుతామని టీచరు కబురు పెట్టింది. ఈసారి ఫైలు తనే, తన నెమ్మది లాప్‌టాప్‌లో, రెండు గంటలు కూర్చుని తయారుచేసుకుంది. శనివారం తల్లీకూతుళ్ళు కారులో వెళ్ళారు. నీకు ఆఫీసు పనుందేమో కదా అంది మా అమ్మాయి, ఇంగ్లీషులో, మర్యాదగా. ఉందన్నాను. లేదు.

సాయంత్రం వచ్చాక ఎలా జరిగిందని అడిగితే గ్రాండ్ అంది. తను పైకెళ్ళాక మా ఆవిడ చెప్పింది. "ఆ నలభై సెకన్లూ ఒక్కడు కదల్లేదండీ. మన మొహం హాల్లో ఇంకోటి లేదు, అందరూ వాళ్ళే. రెండో విజిల్ నా చేత్తో పెట్టిన కుక్కరుదేనని తెలిసి కూడా నాకే చెమటలు పట్టాయి. అయ్యాక కూడా కాసేపు చప్పట్లు కొట్టలేదు." ఆరు వారాలు మైకు పట్టుకుని నేను చేసిన పనంతా ఆ కాసేపటి కోసమే. అది నేను వినలేదు. హాల్లో నేను విన్నది నా ఢాం ఒక్కటే.

మర్నాడు బల్ల మీద తన హెడ్‌ఫోన్స్ కనిపిస్తే పెట్టుకుని, టీచరు పంపిన లింకులో సినిమా నొక్కాను. ఒకటి. రెండు. ఆవిరి ఆగింది. కళ్ళు మూసుకున్నాను, ఎనిమిదేళ్ళప్పుడు మూసుకున్నట్టే. ఇరవయ్యెనిమిదో సెకను దగ్గర ఇప్పుడేమీ లేదు, తీసేసింది. అయినా సరిగ్గా అక్కడ నా భుజాలు ఎగిరిపడ్డాయి.

కళ్ళు తెరిస్తే ఎదురుగా మా అమ్మాయి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, అడుగులు వినిపించలేదు. హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి పక్కకి జరిపింది.

"ఇంకా వినిపిస్తోందా?" అంది తెలుగులోనే.

"వినిపిస్తోందమ్మా."

"నాకూ" అంది. హెడ్‌ఫోన్స్ తీసుకుని పైకి వెళ్ళింది.